ఓపల్ ముక్కలకు మెఱుగు పెట్టుట

ఓపల్ అను రాయి నవరత్నములలో చేరినది కాదు. మన అమ్మమ్మల నగలపెట్టెలలో కెంపు, పచ్చ, ముత్యము, పగడము కానవచ్చునుగాని యీ రాయి కానరాదు. అయినను దాని పేరు మనకు పరాయిది కాదు. సంస్కృతమున 'ఉపల' మనగా రాయి, మణి యని యర్థము. ఆ మాటయే పడమటి దేశములకు పోయి, గ్రీకు లాటిను నోళ్లలో నలిగి, తుదకు 'ఓపల్' అయినదని భాషాశాస్త్రజ్ఞులు పలువురు చెప్పుచున్నారు. పేరు మనవైపునుండి పోయినను, రాయి మాత్రము మనకు ఆస్ట్రేలియా మొదలగు దేశములనుండి వచ్చుచున్నది. సిడ్నీ, మెల్బోర్న్ నగరములలో కాపురమున్న మన ఆడపడుచులు పుట్టింటికి వచ్చునప్పుడు తెచ్చు కానుకలలో, నీరుపోసిన చిన్న సీసాలో నాలుగైదు ఓపల్ పలుకులు వేసి బిరడా బిగించినది యొకటి యుండుట కలదు.

ఆ పలుకులు సీసాలో నున్నంతసేపు నెమలికన్నువలె నీలము, పచ్చ, ఎఱుపు కాంతులను జిమ్ముచుండును. ఆశపడి వెలికిదీసి గుడ్డతో నద్దినచో, చూచుచుండగనే మసకబాఱి సున్నపు బెడ్డవలె నగును. మోసపోతిమని కొందఱు విచారింతురు. మోసమేమియు లేదు. ముక్క పైభాగము గరుకుగా నుండుటచే దానిపై బడిన వెలుతురు చెదరిపోవుచున్నది. నీరు ఆ గరుకు సందులను పూడ్చి వెలుతురును లోనికి పోనిచ్చుచున్నది. నీరు తడి యున్నంతవఱకు చేయు నీ పనిని శాశ్వతముగా చేసిపెట్టునదే మెఱుగు. కావున సీసాలో నేమి రంగు కనబడునో, సరిగా మెఱుగు పెట్టిన పిదప పొడిగా నున్న రాతిలోను ఆ రంగే కనబడును. అంతకు మించి యెవ్వరును తేలేరు.

చిన్నరాళ్లకు మెఱుగు పెట్టుటకు రాళ్లయందు ప్రీతిగలవారు పీపాయంత్రమును వాడుదురు. ఒక చిన్న రబ్బరు పీపాలో రాళ్లు, నీరు, గరుకుపొడి వేసి, మూత బిగించి, విద్యుచ్ఛక్తిచే దినముల తరబడి మెల్లగా దొర్లించుటయే దీని మర్మము. ఏటిలో గులకరాయి నునుపెక్కుట యెట్లో యిదియు నట్లే. అకీకు, స్ఫటికము మొదలగు గట్టిరాళ్లకు ఈ పద్ధతి యెంత సులువో, ఓపలునకు అంత గండము. గట్టిరాళ్లకు వ్రాసియిచ్చిన విధిని పొల్లుపోకుండ ఓపల్ ముక్కలకు జరిపినచో, నాలుగు వారములకు పీపాలో మిగులునవి గుండ్రని, నునుపైన, రంగులేని తెల్లని పలుకులు మాత్రమే. ఏ రంగుకొఱకు శ్రమపడితిమో ఆ రంగు బురదలో కలిసి పోవును. ఇట్లు కాకుండ జేయుట యెట్లో తెలియవలెనన్న, ముందుగా ఈ రాతి స్వభావము కొంత తెలియవలెను.

వజ్రము, కెంపు, పచ్చ యివి స్ఫటికములు. ఓపల్ స్ఫటికము కాదు. ఇసుకకు మూలమైన సిలికా యను పదార్థమును నీటితో కలిపి ప్రకృతి పేరబెట్టిన గడ్డ యది. దాని బరువులో సాధారణముగా నూటికి 3 మొదలు 10 పాళ్లవఱకు నీరే యుండును; కొన్నిటిలో ఇంకను ఎక్కువ. రాతి కడుపున నీరుండుట వింతగా తోచును గాని, ఓపలునకు సంబంధించిన జాగ్రత్త లన్నియు ఈ యొక్క విషయమునుండియే పుట్టుచున్నవి.

రంగు సంగతి యింకను వింత. ఏ లోహపు కలుపుచేతనో రంగు వచ్చుచున్నదని పూర్వము తలచెడివారు. 1964లో ఆస్ట్రేలియా ప్రభుత్వపు విజ్ఞానపరిశోధన సంస్థ యగు సి.ఎస్.ఐ.ఆర్.ఓ. పండితులు ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో జూచి ఆ రహస్యమును బయటపెట్టిరి. ఓపలులో సిలికా కంటికి కానరాని గుండ్లుగా నేర్పడి, బజారున బత్తాయిపండ్లను పేర్చినట్లు బారులు బారులుగా సర్దుకొని యుండును. ఒక మిల్లీమీటరును పదివేల భాగములు చేసిన, అందు ఒకటిన్నర మొదలు మూడు భాగముల వెడల్పు మాత్రమే ఆ గుండ్లకుండును. వాని నడుమ దూరి వచ్చు వెలుతురు వేఱువేఱు రంగులుగా విడిపోవును. చిన్న గుండ్లు నీలి కాంతిని మాత్రమే యిచ్చును. పెద్దగుండ్లున్నచోట ఎఱ్ఱకాంతియు వచ్చును. ఎఱుపు చూపు రాయికి ధర హెచ్చగుటకు ఇదియే కారణము.

దీనినిబట్టి తెలియునదేమనగా, ఓపల్ రంగు కెంపులోని ఎఱుపువలె రాతి యొడలంతయు వ్యాపించినది కాదు. గుండ్లు బారుతీరిన చోటనే యుండును. బారుతీరని చోట అదే సిలికా, అదే నీరు, కాని రంగు శూన్యము. అట్టి రంగులేని ఓపలును గనులవారు 'పాచ్' అందురు. చిన్నముక్కలలో రంగుపొర తఱచు ఒక అట్టముక్క మందము మించదు. పైన పాచ్, క్రింద పాచ్, నడుమ గోరంత రంగు. చేతితో సానబట్టువాడు కంటితో జూచుచు పై పాచును మాత్రమే తీసి, రంగుపొర యెదురుగానే చేయి నిలుపును. పీపాకు కన్నులు లేవు. అది రంగని, పాచని చూడక, అన్నివైపుల సమానముగా అరగదీయుచునే యుండును. కనుక ఎప్పు డాపవలెనో నిర్ణయించు భారము మనమీదనే యున్నది. గరుకుపొడి, యంత్రము, మెఱుగుపొడి యివన్నియు కొనదగినవి. ఆపవలసిన వేళ నెఱుగుట మాత్రము కొనదగినది కాదు.

ఈ రాళ్లు వచ్చు దేశమును గూర్చి కొంచెము చెప్పవలసి యున్నది. దక్షిణ ఆస్ట్రేలియాలో అడిలైడ్ నగరమునకు ఉత్తరముగా సుమారు 850 కిలోమీటర్ల దూరమున కూబర్ పీడి యను ఊరు కలదు. 1915లో బంగారము వెదకబోయిన తండ్రివెంట నున్న పదునాలుగేండ్ల బాలుడు విల్లీ హచిసన్ అచ్చట ఓపలును కనుగొనెను. ఎండతీవ్రతకు తాళలేక జనులు భూమిలో తొలిచిన గదులలో కాపురముందురు. పడకగది, వంటగది, ప్రార్థనాలయము సైతము నేలలోపలనే. న్యూ సౌత్ వేల్సు రాష్ట్రమందలి లైట్నింగ్ రిడ్జ్ నల్ల ఓపలునకు ప్రసిద్ధి చెందినది. ఓపల్ 1993లో ఆస్ట్రేలియాకు జాతీయరత్నముగా ప్రకటింపబడినది.

గనుల పని పురుషులదే యని యనుకొనరాదు. కూబర్ పీడికి చేరువనున్న ఎయిట్ మైల్ అను చోట 1940 దశకపు నడిమికాలమున గొప్ప ఓపలును బయల్పఱచి, దండుగా జనులు అచ్చటికి వచ్చుటకు కారణమైనది టాటీ బ్రయంట్ అను ఆదిమజాతి స్త్రీ. ఇంగ్లండునుండి వచ్చి ఆ యెడారిలో స్వయముగా పలుగుపట్టి త్రవ్విన మినీ బెరింగ్టన్ అను నామె తన యనుభవములను 1958లో గ్రంథముగా ప్రకటించెను. గని యజమానులు త్రవ్వి పారబోసిన మట్టిదిబ్బలలో జల్లెడపట్టి, మిగిలిపోయిన పలుకులను ఏరుకొనుట ఆ యూళ్లలో నొక ప్రత్యేక వృత్తి. దానిని 'నూడ్లింగ్' అందురు. కోతకోసిన మడిలో పరిగె యేరుకొను మన పల్లెస్త్రీలు నాకు జ్ఞప్తికి వచ్చుచున్నారు. సీసాలో మన యింటికి వచ్చు పలుకులలో ఇట్లు ఏరినవియు నుండును. అందుచే అవి చౌకవే యైనను చులకన చేయదగినవి కావు. ఎవరో యొకరు ఎండలో వంగి చూచిన చూపు ప్రతి పలుకునందును గలదు.

లైట్నింగ్ రిడ్జ్ లో మఱియొక విచిత్రము గలదు. అచ్చట ఓపల్ గడ్డలు బంకమట్టిలో పొదిగియుండును. కాలము చెల్లిన కాంక్రీటు లారీల పెద్ద డొల్లలను తెచ్చి, వానిలో ఆ మట్టిని, నీటిని పోసి దినముల తరబడి త్రిప్పుదురు. మట్టి కరగి పోవును. గడ్డలు అడుగున మిగులును. ఇంత పెద్ద డొల్లలో దొర్లినను ఓపల్ గడ్డలు పెక్కు నిలిచి యుండుట కేమి కారణము? చుట్టునున్న బంకమట్టి బురద పఱుపువలె అడ్డుపడుటయే. ఇంటి పీపాలోను మనము కల్పింపవలసినది ఆ పఱుపునే.

ఇక పనిలో దిగుదము. ముందుగా ఏ ముక్కలను పీపాలో వేయరాదో చెప్పెదను. ఇదియే సగము పని. ఉంగరమునకు సరిపోవునంత పెద్దదై, ఒకవైపు చక్కని రంగున్న ముక్కను పీపాలో వేయుట దండుగ. దానిని సానవాని చేతికీయవలెను. అతడు దానిని పుల్లకు లక్కతో అతికించి, తడిగా నుంచుచు, చక్రముపై చేతితో అరగదీయును. పీపాకు తగినవి కందిగింజ మొదలు చింతగింజ వఱకు గల ముక్కలు. చేతిపనికి కూలి గిట్టనివి. రంగు ఒక పొరగా గాక ముక్కలో అక్కడక్కడ చెదరియున్నవి.

ప్రతిముక్కను నీటితో తడిపి, దీపమునకు అడ్డముగా బట్టి, భూతద్దముతో జూడవలెను. లోపల వెండ్రుకవంటి నెఱ్ఱె యున్నచో దానిని ప్రక్కన బెట్టుడు. అది పీపాలో విఱుగుట నిశ్చయము. విఱిగిన వాడి యంచు తక్కిన ముక్కలను గీయును. ఇసుకరాయి యంటుకొని యున్న ముక్కలును అంతే. కాఠిన్యమును కొలుచుటకు మోస్ అను జర్మను ఖనిజశాస్త్రజ్ఞుడు ఏర్పఱచిన కొలతలో వజ్రమునకు 10, ఇసుకరేణువుకు 7, ఓపలునకు 5.5 మొదలు 6.5. ఇసుకరేణువు ఓపలుకంటె గట్టిదన్న మాట. ఒక్క ముక్కనుండి ఊడిన ఇసుక చాలును, పీపాలోని వానినన్నిటిని గీతలు పెట్టుటకు. కాబట్టి నానవేసి, పండ్లు తోము కుంచెతో రుద్ది, ఊడని దానిని వేఱుగా నుంచవలెను. అకీకుతోగాని స్ఫటికముతోగాని కలిపి ఓపలును ఎన్నడును త్రిప్పరాదు. ఒకే గంపలో టెంకాయలను, కోడిగ్రుడ్లను వేసి మోసినట్లగును.

గనినుండి క్రొత్తగా వచ్చిన ఓపలును వెంటనే పనికి దీసికొనకుండుట మంచిది. కొన్నిచోట్ల రాళ్లు భూమిలోని తేమను విడిచి వచ్చిన పిదప ఆఱుచు ఆఱుచు చెఱువు అడుగువలె బీటలువాఱును. మూడు నాలుగు నెలలు నీడలో ఊరక పడవేసి యుంచినచో, పగులదలచినవి పగులును, నిలువదలచినవి నిలుచును. సీసాలో నీటిలో వచ్చినవానికి ఈ పరీక్ష మఱియు నవసరము. నీటిలో నున్నంతకాలము లోపము బయటపడదు.

పీపా రబ్బరుదిగా నుండవలెను. మూడింట రెండుపాళ్లకు తక్కువగాని, నాలుగింట మూడుపాళ్లకు ఎక్కువగాని నింపరాదు. తక్కువ నింపినచో ముక్కలు జాఱుటకు బదులు పైనుండి క్రిందికి పడి కొట్టుకొనును. ఎక్కువ నింపినచో కదలవు. మనయొద్ద గుప్పెడు ఓపల్ పలుకులే యున్నచో తక్కిన చోటును నింపుటకు చిన్న ప్లాస్టిక్ గుళికలను వేయుదురు. విలువలేని పాచ్ ముక్కలను వేయుట యింకను మంచిది. రాయీ, పఱుపూ ఒకే గట్టిదనముతో నుండును. నీటిని రాళ్ల పైమట్టమునకు కొంచెము తక్కువగా పోయవలెను. కొందఱు ఆ నీటిలో పిడికెడు చక్కెర కలుపుదురు. ఇది వినోదమునకు కాదు. చక్కెర కరగి నీరు చిక్కబడగా ముక్కలు మెల్లగా జాఱును. లైట్నింగ్ రిడ్జ్ బురద చేయు మేలు ఇంటిలో పాకము చేయుచున్నది. త్రిప్పు వేగము ఎంత మందమైన అంత మేలు. దొర్లించుటకు బదులు అదిరించు యంత్రములును కలవు. వానిలో దెబ్బలు తక్కువ, ముక్క రూపు అంతగా మాఱదు, పనియు త్వరగా ముగియును. ఓపలునకే ప్రత్యేకముగా యంత్రము కొనదలచినచో నేను అదిరించు దానినే మేలందును. కాని చాలమంది యొద్ద నుండునది దొర్లించు పీపాయే గనుక దానిని గూర్చియే చెప్పుచున్నాను.

గరుకుపొడి సిలికాను కార్బైడు. దానిని అంకెలతో గుర్తింతురు. అంకె పెరిగినకొలది పొడి మెత్తన. గట్టిరాళ్లకు ఉప్పుడురవ్వవంటి 60 గాని 90 గాని అంకెపొడితో ప్రారంభింతురు. ఓపలునకు దాని వాసన కూడ తగులరాదు. ముక్కల యంచులు మిక్కిలి వాడిగా నున్నప్పుడు మాత్రమే 220 అంకెపొడితో ఒకటి రెండు దినములు త్రిప్పవచ్చును. లేనిచో మైదాపిండివలె మెత్తనగు 500 గాని 600 గాని తీసికొని మొదలిడుటయే క్షేమము. అరకిలో రాళ్లకు రెండు పెద్దచెంచాల పొడి చాలును.

గట్టిరాళ్లను వారము దినములు మూత తీయక వదలివేయుదురు. ఓపలును అట్లు వదలరాదు. ప్రతిదినము పీపాను ఆపి తెఱవవలెను. తెఱచుటవలన లోపల నూరిన వాయువు బయటికి పోవును. అంతకంటె ముఖ్యముగా, రాళ్ల స్థితి తెలియును. నాలుగైదు ముక్కలను తీసి, గదిలోని నీటితో కడిగి, గుడ్డతో నొత్తి, పూర్తిగా ఆఱనిచ్చి యప్పుడు చూడుడు. తడిగా నున్నప్పుడు ప్రతి ముక్కయు మెఱుగు పెట్టినట్లే కనబడునని మొదటనే చెప్పితిని. ఆ మాయలో పడి తొందరపడువారు కొందఱు. పొడిగా చూచి గరుకు మిగిలినదని, 'ఇంకొక దినము, ఇంకొక దినము' అనుచు త్రిప్పి రంగుపొరను పోగొట్టుకొనువారు మఱికొందఱు. రెండవవారి నష్టమే పెద్దది. గరుకు మిగిలినచో రేపు తీయవచ్చును. పోయిన పొర తిరిగి రాదు. కావున ప్రతిదినము చూచి, రంగు పైకి తేలి, అంచు మొద్దువాఱిన ముక్కలను అప్పటికప్పుడు ఏరి వేఱు పాత్రలో నీళ్లలో నుంచవలెను. తక్కినవి త్రిప్పవచ్చును. అన్నియు ఒకేసారి ముగియవలెనను నియమ మేమియు లేదు. జల్లెడమీద బియ్యము చెఱుగునప్పుడు నూకను, గింజను వేఱుచేయు ఓర్పు మన స్త్రీలకు కలదు. ఇక్కడ కావలసినదియు అదియే.

రెండు మెట్ల నడుమ కడుగుటలో మిక్కిలి శ్రద్ధ యుండవలెను. ముందు మెట్టు పొడిలోని ఒక్క రేణువు తరువాతి మెట్టులో చొరబడినను, ముక్కలన్నిటిపై సన్నగీతలు పడును. పీపా మూత అంచు, రబ్బరు మడతలు, ముక్కల చిల్లులు ఇవి రేణువులు దాగు చోట్లు. మెఱుగునకు వేఱొక పీపా నుంచుకొనువారు ధన్యులు. ప్లాస్టిక్ గుళికలను మెట్టునకొక డబ్బా చొప్పున వేఱుగా నుంచుకొనవలెను. కడిగినను వానిని మార్చి వాడరాదు. ఈ కడుగునీటిని మాత్రము తూమునందు పోయకుడు. రాతిపొడి గొట్టములలో పేరుకొని సిమెంటువలె గట్టిపడును. దొడ్డిలో చిన్న గుంట త్రవ్వి అందు పోయుట మేలు.

ఇంకొక హెచ్చరిక. ఏ దశయందును పొడిగా అరగదీయరాదు. ఎండిన బురదను చీపురుతో ఊడ్వరాదు. సిలికా దుమ్ము ఊపిరితిత్తులలో చేరి మాన్పరాని రోగమును కలిగించును. పలకలు, రాతిబిళ్లలు కోయు కార్మికులు ఈ రోగమున బడి కృశించుట మన దేశమునను కలదు. తడిగా చేసినంతకాలము భయము లేదు; ఆఱిన మఱకలను తడిగుడ్డతో తుడువవలెను. చిన్నపిల్లలు ఆడుకొనుచోట ఈ యంత్రమును పెట్టరాదు.

చివరి మెట్టు మెఱుగు. దీనికి సీరియము ఆక్సైడు అను పొడిని గాని, తగరపు ఆక్సైడును గాని వాడుదురు. ఈ మెట్టున గుళికలు ఎక్కువగా, ముక్కలు తక్కువగా నుండవలెను. రెండు మూడు దినములలో ముక్కపై దీపపు నీడ స్పష్టముగా కనబడును. పిదప పీపాను కడిగి, నీటిలో కొంచెము సబ్బుపొరక వేసి కొన్ని గంటలు త్రిప్పినచో సందులలోని తెల్లపొడి వదలి వచ్చును.

ఈ పని యంతటిలోను వేడికి, చలికి సంబంధించిన నియమ మొక్కటే: ఒక్కసారిగా మార్పు కూడదు. త్రిప్పుడుచే పీపా కొంచెము వెచ్చబడియుండును. దానిలోని ముక్కలపై చల్లని కుండనీటిని పోయరాదు. జిడ్డు పోవలెనని వేడినీటిని అసలే పోయరాదు. రాతిలోపలి నీరు ఒక విధముగా, రాయి ఒక విధముగా పొంగి కుంచించుటచే నెఱ్ఱెలు వచ్చును. ఆఱబెట్టుటయు నీడలోనే. వడియములు, అప్పడములు, మిరపకాయలు, పఱుపులు, సమస్తమును ఎండలో వేసి బాగుచేయు అలవాటు మనది. ఓపలునకు మాత్రము మన యెండ పనికిరాదు.

అన్ని ఓపళ్లకును ఈ విధి చెల్లదు. 2008లో ఇథియోపియా దేశమున వోలో ప్రాంతమందు గొప్ప ఓపల్ నిక్షేపములు బయల్పడినవి. అవి చూడ ముచ్చటగా, చౌకగా నుండుటచే ఇప్పుడు మన నగరముల దుకాణములలోను విరివిగా దొరకుచున్నవి. వీనిలో పెక్కు నీటిని స్పంజివలె పీల్చును. నీటిలో వేసిన రంగు మాయమై గాజువలె పారదర్శకమగును. ఆఱిన పిదప కొన్ని గంటలకో, కొన్ని దినములకో రంగు మఱల వచ్చును. త్వరగా ఆఱినచో పగిలినను పగులును. పీపాలోని బురదనీటిని పీల్చినచో మఱక లోపలనే నిలిచిపోవచ్చును. అందుచే అట్టివానిని తడి పీపాలో వేయకుండుటయే యుక్తము. గుర్తించుటకు సులువైన పరీక్ష గలదు: పొడిగా నున్న ముక్కను నాలుక కొనకు తాకించినచో, క్రొత్త మట్టిప్రమిదవలె అంటుకొనును. ఆస్ట్రేలియా ఓపలు సాధారణముగా అట్లు అంటదు.

రెండు మూడు పొరలు జిగురుతో అతికిన రాళ్లను గూర్చియు నెఱిగియుండవలెను. పలుచని ఓపల్ రేకు క్రింద నల్లరాయి, పైన స్ఫటికపు మూత పెట్టి అమ్ముదురు. అట్లని చెప్పి తగిన ధరకు అమ్మినచో అది మోసము కాదు. పలుచని రంగును నిలుపుటకు మంచి యుపాయమే. కాని దానిని నీటిలో నానవేసినను, పీపాలో వేసినను జిగురు ఊడి లోపల తెల్లని పొగ క్రమ్మును. రాతిని ప్రక్కనుండి చూచినచో అతుకుగీత తిన్నగా కనబడును. బంగారములో మూసి పొదిగినచో ఆ గీత కనబడదు గనుక, కొనునప్పుడే అడిగి చీటీమీద వ్రాయించుకొనవలెను.

ఓపల్ అపశకునమని ఐరోపాలో నొక నమ్మకము కలదు. వాల్టరు స్కాటు 1829లో ప్రకటించిన నవలలో ఒక స్త్రీ ధరించిన ఓపలుపై పవిత్రజలపు బిందువు పడగా దాని కాంతి నశించుటయు, పిదప ఆమె మరణించుటయు వర్ణింపబడినవి. ఈ కథ యా నమ్మకమునకు బలమిచ్చినదని చెప్పుదురు. విక్టోరియా రాణి దానిని లక్ష్యపెట్టక తాను ధరించి, తన కుమార్తెలకును ఓపళ్లను కానుక లిచ్చెను. ఇప్పుడు మన దేశమున దానికి విరుద్ధముగా, శుక్రగ్రహ ప్రీతికి వజ్రమునకు బదులు ఓపలును పెట్టుకొనుమని చెప్పి అమ్ముచున్నారు. ఒక దేశమున కీడు, మఱియొక దేశమున మేలు! కొనువారు రంగునుబట్టి, రాతి స్థితినిబట్టి ధర కట్టుట మంచిదని నా యభిప్రాయము.

మెఱుగు పెట్టిన చిన్న పలుకులను వెండి గూటిలో పొదిగి చెవిపోగులుగాను, పతకముగాను ధరింపవచ్చును. ఉంగరమునకు ఇవి తగవు. గిన్నెలు తోము చేతికి అసలే తగవు. వీధిదుమ్ములో ఇసుక యుండును గనుక పొడిగుడ్డతో గట్టిగా రుద్దినచో మెఱుగు కొన్నాళ్లకే మాసిపోవును. గోరువెచ్చనైనను కాని మామూలు నీటితో కడిగి, మెత్తని పాత నేతగుడ్డతో అద్దిన చాలును. బంగారు నగలను కుంకుడుకాయ పులుసులో కాచి తోముట మన యిండ్లలో నున్న వాడుక. ఓపల్ పొదిగిన నగను ఆ గిన్నెలో వేయకుడు. కంసాలియొద్ద మరమ్మతునకిచ్చినప్పుడు, నిప్పు తగులకముందే రాతిని ఊడదీయుమని నోరువిడిచి చెప్పవలెను. నూనెలో నానవేయుమని కొందఱు చెప్పుదురు. దానివలన మేలు లేదు, పసుపుమఱక మాత్రము రావచ్చును. బ్యాంకు పెట్టెలో ఏండ్ల తరబడి దాచువారు, తడిపి గట్టిగా పిండిన దూదిని రాతితోకూడ చిన్న ప్లాస్టిక్ సంచిలో వేసి మూతికట్టి యుంచుదురు. అతికిన పొరల రాళ్లకు మాత్రము ఆ తడిదూది కూడదు.